లీకైన హెడ్డుకు ఇంకో గుంజు మందు కాదు

పాత బండి ఇంజిను విప్పి మళ్లీ కట్టాక హెడ్డు (ఇంజిను పైమూత) అంచున నల్లగా చెమ్మ కనిపించిందంటే నల్లగొండలోనైనా, పాలమూరులోనైనా మొదట వినిపించే సలహా ఒక్కటే: "ఇంకొంచెం గుంజు అన్నా, బందయితది." గుంజుతారు. నాలుగు రోజులు ఆగుతుంది, మళ్లీ చెమరుస్తుంది. ఈసారి పానాకు పైపు తొడుగుతారు. ఆ పై మాటు నట్టుతో పాటు స్టడ్డే (ఇంజిను కింది పెట్టె అయిన క్రాంక్‌కేసులోకి ఎక్కించి హెడ్డును పట్టి ఉంచే మర కడ్డీ) చేతిలోకి వస్తుంది, క్రాంక్‌కేసు లోపలి చూడీలు (మర గాట్లు) దానికి చుట్టుకుని బయటికొస్తాయి. ఒక్క ప్యాకింగుతో (హెడ్డు కింద పరిచే పల్చటి పలకతో) తెమలాల్సిన పని లేత్ షాపు దాకా పోతుంది.

పాత బండ్ల హెడ్డు లీకుల్లో చాలావాటికి కారణం తక్కువ బిగించడం కాదని నా వాదన. ఎక్కువ బిగించడమో, బిగించే ముందు చెయ్యాల్సిన పని ఎగ్గొట్టడమో కారణం. బుల్లెట్టు, యెజ్డీ, రాజ్‌దూత్, ఆర్ఎక్స్ 100, ఏదైనా సరే, అల్యూమినియం హెడ్డును ఉక్కు స్టడ్ల మీద కూర్చోబెట్టిన ప్రతి ఇంజినుకూ ఈ లెక్క ఒకటే.

నట్టు తిప్పుతున్నప్పుడు లోపల జరిగేదేమిటో ముందు తేల్చుకోవాలి. నట్టు కిందికి దిగుతుంటే స్టడ్డు పైకి సాగుతుంది. సాగిన ఉక్కు తిరిగి తన పొడవుకు రావాలని లాగే లాగుడే హెడ్డును పట్టి ఉంచుతుంది. 8.8 గ్రేడు (గట్టి ఉక్కు) ఎం8 (8 మి.మీ. మందం) స్టడ్డు, చూడీలు పొడిగా, బిగించే తిప్పుడు బలం 24 న్యూటన్ మీటర్లు అనుకుందాం. స్టడ్డులో వచ్చే లాగుడు సుమారు టన్నున్నర. స్టడ్డు పొడవు నట్టుకూ క్రాంక్‌కేసుకూ మధ్య 100 మి.మీ. ఉంటే అది సాగేది 0.2 మి.మీ. మాత్రమే. హెడ్డు బతుకంతా ఆ 0.2 మి.మీ. మీదే నడుస్తుంది. ఎక్కడైనా 0.05 మి.మీ. అణిగిందా, పట్టులో పావు వంతు పోయినట్టే. 0.1 మి.మీ. అణిగితే సగం పోయింది. ఈ ఒక్క అంకె గుర్తుంటే మిగతా జాగ్రత్తలన్నీ ఎందుకో వాటంతటవే అర్థమవుతాయి.

మరి ఎంత పట్టు కావాలి? యెజ్డీ 250 బోరు (పిస్టను ఆడే గొట్టం లోపలి వ్యాసం) 65 మి.మీ., అంటే 33 చదరపు సెంటీమీటర్ల చిల్లర. లోపల మంట అంటుకున్నప్పుడు చదరపు సెంటీమీటరుకు 40 కిలోలు వేసుకున్నా హెడ్డును పైకి తన్నేది 1.3 టన్నులు. నాలుగు ఎం8 స్టడ్లు సరిగా లాగితే పట్టు 6 టన్నులు. అంటే కంపెనీ మాన్యువల్ చెప్పే బిగింపు అంకెలోనే నాలుగు రెట్లకు మించిన వెసులుబాటు ఉంది. అయినా లీకవుతోందంటే ఆ 6 టన్నులు ప్యాకింగు దాకా చేరట్లేదు, లేదా చేరి మాయమవుతున్నాయి. అదెక్కడో వెతకాలి గానీ ఇంకో టన్ను జోడించి లాభం లేదు.

జోడిస్తే ఏమవుతుందో కూడా చూద్దాం. 20 సెం.మీ. రింగు పానాను 20 కిలోల బలంతో లాగితే 39 న్యూటన్ మీటర్లు. మగవాడి చేతికి 20 కిలోలు ఒక లెక్క కాదు. 8.8 గ్రేడు ఎం8 స్టడ్డు పొడి చూడీలతో 37 దగ్గరే శాశ్వతంగా సాగడం మొదలుపెడుతుంది. అంటే పైపు అక్కర్లేదు, మామూలు పానాతోనే హద్దు దాటేస్తాం. సాగిన స్టడ్డు మళ్లీ వెనక్కి రాదు. బిగించే మనిషికి మాత్రం "మస్తు టైట్ అయింది" అనే అనిపిస్తుంది.

ఇక వేడి. అల్యూమినియం ఉక్కుకు దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. హెడ్డులో స్టడ్డు చుట్టూ 60 మి.మీ. అల్యూమినియం ఉండి, రెండూ 150 డిగ్రీలు వేడెక్కితే అల్యూమినియం 0.2 మి.మీ. పెరుగుతుంది, ఉక్కు 0.1. తేడా 0.1 మి.మీ. స్టడ్డు మీదే పడుతుంది. చల్లగా ఉన్నప్పుడు 0.2 సాగి ఉన్న స్టడ్డు వేడికి 0.3 సాగాలన్నమాట. కొంత ప్యాకింగు నలిగి సర్దుకుంటుంది గనక పూర్తిగా అంత ఉండదు గానీ, లాగుడు పెరిగే మాట నిజం. చల్లగా ఉండగానే హద్దు దాకా గుంజిన ఇంజినులో ఈ అదనపు లాగుడుకు ఏదో ఒకటి లొంగాలి. వాషరు కింద అల్యూమినియం అణుగుతుంది, లేదా చూడీలు లేస్తాయి, లేదా స్టడ్డు సాగుతుంది. ఇంజిను చల్లారాక ఆ లొంగినంత మేరా పట్టు పోతుంది. మర్నాడు పొద్దున కిక్కు కొడితే హెడ్డు దగ్గర చుస్సుమంటుంది. ఎక్కువ బిగించడం వల్ల వదులైందని చెబితే ఎవరూ నమ్మరు, జరిగింది మాత్రం అదే.

మన ఎండల మీద నింద వేసేవాళ్లూ ఉన్నారు. మే నెలలో మిర్యాలగూడ దగ్గర 45 డిగ్రీలుంటుంది, నిజమే. జనవరికీ మేకీ పదిహేనో ఇరవయ్యో డిగ్రీల తేడా, హెడ్డు తన పనిలో తాను ఎక్కే వేడి ముందు అదెంత? ఇద్దరిని ఎక్కించుకుని మన్ననూరు నుంచి దోమలపెంట దాకా ఘాట్ రోడ్డులో రెండో గేరులో ఎక్కడం వేరు సంగతి. ఇంజిను మీద బరువు ఎక్కువ, ఇంజినును చల్లబరిచే రెక్కల మధ్య తగిలే గాలి తక్కువ. సరిగా కట్టని హెడ్డు అక్కడ బయటపడుతుంది. తప్పు మాత్రం ఘాటుది కాదు.

పని మొదలు స్టడ్లతో. రెండు నట్లు ఒకదానికొకటి బిగించి స్టడ్డును క్రాంక్‌కేసులోంచి బయటికి తియ్యండి. కొత్త నట్టు తీసుకుని వేళ్లతోనే చూడీల పొడవునా నడిపించండి. మధ్యలో ఎక్కడో పట్టేస్తే స్టడ్డు అక్కడ సాగి సన్నబడింది, చూడీల ఎడం మారింది. దాన్ని పక్కన పడెయ్యాలి. అద్దం మీద దొర్లించి వంకర చూడండి. నాలుగింటినీ పక్కపక్కన నిలబెట్టి, సన్న కొలతలు తీసే వెర్నియర్‌తో పొడవు కొలవండి. ఒకటి మిగతా వాటికంటే పొడవుగా ఉంటే అదే సాగిన దొంగ.

కొత్త స్టడ్డు కొనేటప్పుడు హార్డ్‌వేర్ షాపులో మీటరు పొడవు దొరికే చూడీ రాడ్డును కోసి వాడొద్దు. అది మామూలుగా 4.6, 4.8 గ్రేడు మెత్తటి ఉక్కు. 4.6 గ్రేడు ఎం8 రాడ్డు 14 న్యూటన్ మీటర్లకే సాగడం మొదలుపెడుతుంది. 24 దాకా లాగుతున్నప్పుడు నట్టు తిరుగుతూనే ఉంటుంది, చేతికి గట్టిపడదు. ఆ మెత్తదనం చేతికి తగిలిన క్షణం ఆగిపోవాలి. మనవాళ్లు సరిగ్గా అక్కడే "ఇంకో సుట్టు" అంటారు. బండికి సరిపోయే స్టడ్లకు హైదరాబాదులో పుత్లీబౌలి దాకా వెళ్లడమే మేలు. దొరక్కపోతే 8.8కు తగ్గని ఉక్కుతో లేత్ మీద చేయించాలి.

పాత బుల్లెట్ల విషయంలో ఇంకో చిక్కు. వాటిలో చాలాచోట్ల ఇంగ్లీషు కొలత చూడీలు ఉంటాయి. 5/16 అంగుళం అంటే 7.94 మి.మీ. పక్కన పెట్టి చూస్తే ఎం8కూ దానికీ తేడా కంటికి ఆనదు. బీఎస్ఎఫ్ (ఆ ఇంగ్లీషు కొలత సన్న చూడీ) 5/16లో అంగుళానికి 22 చూడీలు, ఎం8లో దాదాపు 20. ఎం8 నట్టు రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంటుంది. "కొత్తది కదా, టైటుగా ఉంది" అని పానా వేసి తిప్పితే రెండు చూడీలూ నాశనం. ఏళ్ల తరబడి ఎవరెవరు ఏమేం మార్చారో ఎవరికీ తెలియదు గనక ప్రతి స్టడ్డుకూ పిచ్ గేజ్ (చూడీల ఎడం చూపే పళ్ల రేకు) పెట్టి చూసుకోవాల్సిందే.

క్రాంక్‌కేసు రంధ్రాల్లో చూడీలు పాడైతే హెలికాయిల్ (రంధ్రంలో కొత్త చూడీలుగా ఎక్కించే ఉక్కు తీగ స్ప్రింగు) వేయించడానికి మొహమాటపడొద్దు. సరిగా వేస్తే అది అసలు అల్యూమినియం చూడీకంటే గట్టిది. ఎం8కు 8.3 మి.మీ. డ్రిల్లు, తర్వాత దాని సొంత ట్యాపు (చూడీలు కోసే పనిముట్టు). ఆ స్ప్రింగు పొడవు 16 మి.మీ. పడితే మంచిది, చోటు లేకుంటే 12. పైఅంచు నుంచి పావు చుట్టో అర చుట్టో లోపలికి దిగాలి. చివరనుండే చిన్న కొక్కేన్ని విరిచి బయటికి తియ్యడం మరిచిపోతే అది క్రాంక్‌లో పడుతుంది. చేతి డ్రిల్లుతో ఈ పని చెయ్యొద్దు. రంధ్రం ఒక్క డిగ్రీ వాలినా 100 మి.మీ. పైన స్టడ్డు కొస దాదాపు 2 మి.మీ. పక్కకు పోతుంది, హెడ్డు దిగదు. నిలువు డ్రిల్లింగ్ మెషీను ఉన్న షాపులోనే చేయించండి. అడుగు మూసుకున్న రంధ్రంలో నూనె గానీ, కిరోసిన్ గానీ నిలిచి ఉండగా స్టడ్డు తిప్పితే ద్రవం పోవడానికి దారి లేక కేసు చీలుతుంది. గాలి కొట్టి, గుడ్డ చుట్టిన పుల్లతో తుడిచి చూశాకే స్టడ్డు ఎక్కించాలి. స్టడ్డును కేసులోకి చేత్తో చివరిదాకా దింపి కొద్దిగా బిగిస్తే చాలు. అక్కడ బలం చూపించే పని లేదు.

ఇప్పుడు ఎవరూ చూడని చోటు ఒకటి. ఏళ్ల తరబడి అతిగా గుంజిన ఇంజినులో స్టడ్డు రంధ్రం చుట్టూ లోహం పుట్టలా పైకి లేచి ఉంటుంది. కంటికి కనపడదు, గోరు పెట్టి గీస్తే తగులుతుంది. ఆ లేచిన అంచు మీదే రెండు ముఖాలూ ఆనుకుని మిగతా చోట ఎడం మిగులుతుంది. మీరు ఎంత గుంజితే పుట్ట అంత లేస్తుంది, ఎడం అంత పెరుగుతుంది. పెద్ద డ్రిల్లు బిట్టును చేత్తో తిప్పి రంధ్రం మూతి దగ్గర అర మి.మీ. నుంచి ఒక మి.మీ. దాకా ఏటవాలు కొట్టండి. నాలుగు రంధ్రాలకూ కలిపి ఐదు నిమిషాల పని. చాలా "మొండి" లీకులు దీనితోనే పోతాయి.

హెడ్డు సమతలంగా ఉందో లేదో ఉక్కు స్కేలు అంచును రెండు మూలల మీదుగా, మధ్యలోనూ నిలబెట్టి, ఎడం కొలిచే పల్చటి రేకుల ఫీలర్ గేజ్‌తో చూడాలి. 0.05 మి.మీ. రేకు దూరకూడదు. దూరితే, ముఖం చదునుగా ఉండే హెడ్డయితే అద్దం మీద రుద్దుకోవచ్చు. కిటికీ అద్దం వంగుతుంది, టేబులు మీద వేసే 10 మి.మీ. అద్దం కావాలి. దాని మీద 400 నంబరు నీటి ఎమెరీ (గరుకు కాగితం), కాస్త కిరోసిన్. హెడ్డు ముఖమంతా మార్కరుతో గళ్లు గీసి, ఎనిమిది అంకె తిప్పినట్టు రుద్దుతూ, కొద్దిసేపటికోసారి హెడ్డును పావు చుట్టు తిప్పి పట్టుకోవాలి. రుద్దేది అరచేతి బరువుతోనే. మార్కరు గీతలు అంతటా చెరిగేదాకా చేసి 600తో ముగించండి. సబ్బునీళ్లతో రెండుసార్లు కడగాలి, ఎమెరీ పొడి మిగిలితే అది బోరులోకే పోతుంది. హెడ్డు లోపలికి గాడి ఉండి, బారెలు (పిస్టను ఆడే గొట్టం) అంచు అందులో కూర్చునే రకమైతే ఈ అద్దం పని చెయ్యదు, లేత్ మీద ఫేసింగ్ (ముఖం చదును) చేయించాలి. టూ స్ట్రోకులో ముఖం రుద్దాక, అంచున పిస్టనుకూ హెడ్డుకూ మధ్య ఎడాన్ని సోల్డర్ తీగ పెట్టి తిప్పి చూడండి. అది 1 మి.మీ. కంటే తగ్గనివ్వకపోవడం క్షేమం.

ప్యాకింగు రాగిదైతే వాడిన కొద్దీ గట్టిపడుతుంది. గట్టిపడింది కాబట్టి ముఖాల మీది సన్న గీతల్లోకి నలిగి చేరదు. నీడలో పెట్టి గ్యాస్ మంట మీద మసక ఎరుపు రంగు వచ్చేదాకా అంతటా సమానంగా కాల్చి నీళ్లలో వెయ్యండి. ఉక్కులా రాగి నీళ్లలో గట్టిపడదు, మెత్తబడే ఉంటుంది, పైనున్న నల్లటి పొర కూడా ఊడుతుంది. సన్న ఎమెరీతో తుడిచి పెట్టేయడమే. అట్టలాంటి కాంపోజిట్ ప్యాకింగు మాత్రం ఒక్కసారికే. దాని మీద ఎర్ర సిలికాన్ పేస్టు పూయడం మన దగ్గర ఆచారమైపోయింది. మంట తగిలే చోట అది నిలవదు, పైగా పేస్టు జారుడుకు ప్యాకింగు పక్కకు కదులుతుంది. ఊళ్లో దొరికే ట్యూబుల్లో హెడ్డుకు పనికొచ్చేది ఏదీ లేదనుకుని పని చెయ్యడమే మంచిది.

వాషర్ల గురించి. హార్డ్‌వేర్ షాపులో గుప్పెడు దొరికే ఒక మి.మీ. పల్చటి వాషరు నట్టు కింద గిన్నెలా వంగుతుంది. మొదటి వేడికే అణిగి 0.05 మింగేస్తుంది. రెండు మి.మీ.కు తగ్గని, గట్టిపరిచిన, రెండు వైపులా చదునైన వాషరు కావాలి. వాషరు కూర్చునే చోట రంగు ఉండకూడదు. ఈమధ్య పాత బండ్లను ముస్తాబు చేసే మోజులో ఇంజినుకు పౌడర్ కోటింగు చేయిస్తున్నారు. ఆ పూత మందం 0.06 నుంచి 0.1 మి.మీ. ఉంటుంది. వేడికి అది మెత్తబడి నట్టు కింద నుంచి పక్కకు జరిగితే స్టడ్డు సాగిన 0.2లో ఎంత పోయిందో మీరే లెక్కేసుకోండి. చూడ్డానికి కొత్త బండిలా మెరుస్తూ వంద కిలోమీటర్లకే హెడ్డు చెమర్చే ముస్తాబు బండ్లలో కారణం చాలావరకు ఇదే. గీకెయ్యండి, ఎలాగూ వాషరు కప్పేస్తుంది.

టోపీ నట్లు వాడే బండ్లలో ఇంకో మోసం ఉంది. స్టడ్డు కాస్త పొడవు ఎక్కువైనా, వాషరు పల్చనైనా, స్టడ్డు కొస టోపీ లోపలి అడుగుకు తగిలి ఆగిపోతుంది. టార్క్ రెంచ్ (పెట్టిన అంకెకు చేరగానే చప్పుడు చేసే పానా) టక్కుమంటుంది, హెడ్డు మీద మాత్రం పట్టు ఉండదు. టోపీ లోతును, పైకి వచ్చిన స్టడ్డు పొడవును వెర్నియర్‌తో కొలిచి, కనీసం రెండు చూడీల ఖాళీ మిగిలేలా చూసుకోవాలి.

ఇంత చేశాక బిగింపు. ఇక్కడ ఉస్తాదుల చేతి అందాజ మీద ఒక మాట చెప్పాలి, ఎందుకంటే టార్క్ రెంచ్ కొన్నవాళ్లకు దాన్ని ఎగతాళి చెయ్యడం అలవాటైంది. ముప్ఫై ఏళ్లు అదే పానా, అదే బండి, అవే కాస్త తుప్పు పట్టిన చూడీలతో పని చేసిన చెయ్యి నిజంగానే ఒక కొలత. నాలుగు నట్లనూ సమానంగా లాగడంలో కొత్తవాడి టార్క్ రెంచ్ కంటే ఆ చెయ్యి నయం కావచ్చు. కానీ ఆ అందాజ నిలబడేది ఏమీ మారనంత వరకే. కొత్త స్టడ్లు వేసి, చూడీలకు నూనె పూసి, పొడవు పానా చేతికిచ్చారా, అదే చెయ్యి అదే నమ్మకంతో స్టడ్డును తెంపుతుంది.

నూనె సంగతి తేలిగ్గా తీసుకోకూడదు. మనం వేసే తిప్పుడు బలంలో సుమారు పదో వంతే స్టడ్డును సాగదీస్తుంది, మిగతాదంతా చూడీల దగ్గరా, నట్టు కిందా రాపిడికి పోతుంది. రాపిడి కొంచెం తగ్గినా స్టడ్డు మీద లాగుడు చాలా పెరుగుతుంది. పొడిగా 24 న్యూటన్ మీటర్లకు టన్నున్నర వచ్చే ఎం8 స్టడ్డుకు ఇంజినాయిల్ పూస్తే అదే 24కు దాదాపు రెండు టన్నులు. మాలీ (మాలిబ్డినం కలిసిన) గ్రీజు పూస్తే రెండున్నర. 8.8 గ్రేడు ఎం8 శాశ్వతంగా సాగిపోయే హద్దు 2.4 టన్నుల దగ్గర. అంటే గ్రీజు పూసి మాన్యువల్ అంకె దాకా లాగితే, "కంపెనీ చెప్పినట్టే చేశాను" అంటూనే స్టడ్డును చంపుకోవచ్చు. మాన్యువల్ పొడి అంటే పొడి, నూనె అంటే నూనె. ఏమీ చెప్పకపోతే చూడీలను బ్రష్షుతో శుభ్రం చేసి, అన్ని నట్లకూ ఒకే తీరు పాటించి, నూనె చుక్క వేస్తే అంకెను పావు వంతు తగ్గించుకోండి.

అంకె ఏ కొలతలో ఉందో కూడా చూసుకోవాలి. 1 కిలో-మీటరు (మీటరు పొడవు పానా కొసన కిలో లాగుడు) 9.8 న్యూటన్ మీటర్లు, 1 అడుగు పౌను 1.36 న్యూటన్ మీటర్లు. టార్క్ రెంచ్ మీద రెండు వరసల్లో అంకెలుంటాయి, 24 అని తప్పు వరసలో పెడితే 32 దాటుతుంది. లారీ గ్యారేజీల్లో అడిగితే ఇచ్చే పెద్ద రెంచ్ 40 నుంచో 60 నుంచో మొదలవుతుంది, మన పనికి రాదు. 10 నుంచి 60 న్యూటన్ మీటర్ల చిన్నది కొనుక్కోవాలి. బండి వెనక టైరు ఖరీదులో వస్తుంది. దాన్ని నట్లు విప్పడానికి వాడొద్దు. పనయ్యాక అడుగు అంకెకు దింపి పెట్టాలి.

అది కూడా లేకపోతే పత్తి తూచే కొక్కెం కాంటా చాలు. నల్లగొండ జిల్లాలో ఏ ఊళ్లోనైనా దొరికే వస్తువు. రింగు పానాకు నట్టు నడిమి నుంచి 24 సెం.మీ. దగ్గర గుర్తు పెట్టి, అక్కడ కొక్కెం తగిలించి, పానాకు నిలువుగా 10 కిలోలు చూపేదాకా లాగండి. 2.4 కిలో-మీటర్లు, అంటే 23.5 న్యూటన్ మీటర్లు. లాగే కోణం తొంభై ఉండాలి, అరవైకి వాలితే పదమూడు శాతం తగ్గిపోతుంది. కొన్న టార్క్ రెంచ్ నిజం చెబుతోందో లేదో చూడ్డానికి కూడా ఇదే ఉపాయం.

బిగించే వరస తెలిసిందే, ఎదురెదురు మూలలు. ముందు అన్నీ వేళ్లతో ఆనించి, తర్వాత 8, 16, 24, మూడు విడతల్లో. కాంటాతో అయితే మూడు కిలోల చిల్లర, ఆరున్నర, పది. ఒకే విడతలో పూర్తిగా లాగితే మొదటి నట్టు వైపు హెడ్డు వాలి ప్యాకింగు అక్కడ ఎక్కువ నలుగుతుంది, తర్వాత మిగతావి ఎంత బిగించినా ఆ నలిగింది తిరిగి రాదు. చివరి విడతలో నట్టును ఆపి ఆపి తిప్పొద్దు. ఆగిన నట్టును మళ్లీ కదిలించాలంటే ఎక్కువ బలం కావాలి, అది కదలకముందే రెంచ్ టక్కుమంటుంది. ఒకే లాగుడులో, నెమ్మదిగా. టక్కుమన్నాక ఆపాలి, ఖాతరీ కోసం ఇంకో రెండు టక్కులు కొట్టడం అంటే అంతమేరకు ఎక్కువ బిగించడమే. సాకెట్ దూరని చోట పక్కకు పట్టే అడాప్టర్ వాడితే దాన్ని రెంచ్‌కు తొంభై డిగ్రీల కోణంలో పెట్టండి, అంకె మారదు. నిటారుగా ముందుకు పెడితే మారుతుంది: రెంచ్ 25 సెం.మీ., అడాప్టర్ 3 సెం.మీ. అయితే 24కు బదులు 21.4 పెట్టాలి.

ఇక్కడితో పని అయిపోయిందనుకునే చోటే సగం ఇంజిన్లు చెడతాయి. కొత్తగా అల్లిన నులక మంచాన్ని నాలుగు రోజులు పడుకున్నాక మళ్లీ బిగించినట్టే, కొత్త ప్యాకింగు మొదటి వేడికి నలిగి సర్దుకున్నాక హెడ్డును మళ్లీ బిగించాలి. స్టార్ట్ చేసి, రేసు చెయ్యకుండా పది నిమిషాలు నడిపి ఆపెయ్యండి. రాత్రంతా చల్లారనివ్వండి. వేడి మీద బిగించొద్దు. అప్పుడు అల్యూమినియం ఉబ్బి స్టడ్డు అప్పటికే ఎక్కువ సాగి ఉంటుంది, మీకు దొరికే అంకె అబద్ధం. పొద్దున్నే ఒక్కో నట్టునే పావు చుట్టు లోపల వదులు చేసి మళ్లీ అదే అంకెకు లాగండి. అన్నీ ఒకేసారి వదులు చేస్తే ప్యాకింగు మీద పట్టంతా పోతుంది. వదులు చెయ్యకుండా పైనుంచి రెంచ్ వేసి టక్కుమనిపించి "బాగానే ఉంది" అనుకోవడం ఉత్త భ్రమ. నట్టు కదలనే లేదు.

బుల్లెట్టులో హెడ్డును మళ్లీ బిగించిన ప్రతిసారీ టాపెట్లు (వాల్వుల ఎడం సర్దుబాటు) చూడాల్సిందే. హెడ్డు కిందికి దిగినంత మేరా వాల్వును తోసే కడ్డీ అయిన పుష్‌రాడ్ మీద ఒత్తిడి పెరుగుతుంది, వాల్వు పూర్తిగా మూసుకోదు, కొన్నాళ్లకు కాలిపోతుంది. ఇంజిను చల్లగా, కంప్రెషన్ మీద పిస్టను పైన ఉండగా పుష్‌రాడ్లు వేళ్లతో తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు.

ఇంత చేశాక కూడా చెమ్మ కనిపిస్తే పానా తీసే ముందు అది హెడ్డుదేనా అన్నది తేల్చుకోండి. బుల్లెట్టులో రాకర్లకు (వాల్వులను నొక్కే మీటలకు) వెళ్లే నూనె పైపు జాయింట్ల దగ్గర చెమర్చింది రెక్కల మీదుగా జారి హెడ్డు అంచున ఆగుతుంది, నింద ప్యాకింగు మీద పడుతుంది. కిరోసిన్‌తో అంతా కడిగి, ఆరాక ముఖానికి రాసుకునే పౌడరు చల్లి, ఐదు నిమిషాలు నడపండి. పౌడరు మొదట ఎక్కడ తడిసిందో అక్కడే జబ్బు. గాలి పోతోందని అనుమానమైతే అంచు చుట్టూ సబ్బునీళ్లు పూసి, ఇంకొకరిని కిక్కు మెల్లగా తొక్కమనండి, బుడగలే చూపిస్తాయి. బుడగలు ఒకే స్టడ్డు పక్కన వస్తుంటే ఆ స్టడ్డు, దాని చూడీలు, దాని రంధ్రం మూతి చూడాలి. చుట్టూ వస్తుంటే ముఖాలు చదునుగా లేవు.

మళ్లీ బిగించడంలో మొదటిది ఆ మర్నాడు పొద్దున అయిపోయింది, రెండోసారి బిగింపు 100 కిలోమీటర్లకు, మూడోది 500కు, రెండూ చల్లటి ఇంజిను మీదే. మూడోసారి ఏ నట్టూ మొదటి గుర్తు దాటి తిరగకపోతే ప్యాకింగు సర్దుకుంది. గుర్తు తెలియడానికి ప్రతి నట్టు మీదా, పక్కన హెడ్డు మీదా కలిపి పెయింటుతో ఒక గీత గీసి పెట్టుకోండి. ఒకే నట్టు ప్రతిసారీ గీత దాటి తిరుగుతోందంటే ఆ స్టడ్డు సాగుతోంది, లేదా దాని చూడీలు లేస్తున్నాయి. హెడ్డు దింపి ఆ ఒక్కటీ మార్చండి. విప్పేటప్పుడు కూడా ఇంజిను చల్లగానే ఉండాలి, నట్లు ఎదురెదురు మూలల వరసలోనే, విడతలుగానే వదులు కావాలి.